ఝాన్సీ వంతు

కిందటి వారం మహతిని శ్రీముఖలింగంలో లక్ష్మీనరసింహం మాస్టారి వసారాలో నోట మాట రాకుండా కూర్చోబెట్టి వచ్చేశాం. మరిచిపోయిన వాళ్ళకీ, ఆ వారం పత్రికని పక్కింటి వాళ్ళు పట్టుకుపోయి ఇంకా తిరిగివ్వని వాళ్ళకీ జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

పిల్లలకి సంగీతం ఎలా చెబితే బాగా వస్తుంది? రెండున్నరేళ్ళుగా మహతి పరిశోధన అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే. ఒక పక్క గరివిడిలో రమేష్‌బాబు ట్యూషన్. అక్కడ స్వరాలు బోర్డు మీద రాస్తారు, ఫోన్లో శ్రుతి పెట్టుకుంటారు, ఎవరి పాట వాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేర్చుకుంటారు. ఇంకో పక్క మాస్టారి వసారా. అక్కడ కాగితం ముక్క కనిపించదు. మాస్టారు పాడతారు, పిల్లలు అంటారు. మళ్ళీ పాడతారు, మళ్ళీ అంటారు. మహతి రెండు చోట్లా పదహారేసి మంది పిల్లల్ని తీసుకుంది. ఒక్కొక్కరికీ అంతకు ముందు ఎవరూ విననిది, కొత్తగా కట్టించిన చిన్న పాట ఒకటి ఇచ్చింది. నెల తరవాత పాడించి రికార్డు చేయించింది. పేర్లు లేవు, నంబర్లే. విజయనగరంలో ముగ్గురు విద్వాంసులు అది ఎవరి గొంతో తెలియకుండా విని మార్కులు వేశారు. మాస్టారి పిల్లలు గెలిచారు. వాళ్ళలోనూ పదకొండో నంబరు అందరి కన్నా పైన నిలిచింది.

పదకొండో నంబరు ఝాన్సీ, పన్నెండేళ్ళ పిల్ల. రేపు విజయనగరంలో రెండు జిల్లాల సంగీతం టీచర్ల ముందు మహతి తన పరిశోధన వినిపిస్తుంది, ఝాన్సీ పాట పాడుతుంది. అది నచ్చితే బడుల్లో సంగీతం మాస్టారి పద్ధతిలోనే చెప్పించే ఆలోచన కూడా ఉందని పెద్దలు మాట ఇచ్చి ఉన్నారు. ఒకసారి పాడించి చూసుకుందామని మహతి ముందు రోజే వచ్చింది. ఝాన్సీ నోరు విప్పింది. రికార్డులో ఉన్నది ఆ గొంతు కాదు.

అక్కడ ఆగాం. ఇప్పుడు ముందుకు పోదాం.

పాట సగంలోనే ఆగిపోయింది. రికార్డులో పదకొండో నంబరు పై షడ్జం మీద హాయిగా నిలబడి, అక్కడి నుంచి తాపీగా కిందికి దిగుతుంది. ఆ చోటు మహతి బస్సులో వస్తూ ఎన్నిసార్లు విన్నదో. ఈ పిల్ల గొంతు పంచమం దగ్గరికి వచ్చేసరికే శ్రుతిని వదిలేసి ఒక పక్కకి ఒరిగిపోతోంది. వదిలేసిన సంగతి పిల్లకి తెలుస్తోంది కూడా. అందుకే కళ్ళు నేలకేసి ఉంచి, తొడ మీద తాళం మాత్రం వేస్తూ కూర్చుంది. పక్కన దేవి ఉంది. ఇద్దరూ ఒకే వీధి పిల్లలు, ఒకే తరగతి, ఒకరిని పిలిస్తే ఇద్దరూ వస్తారు.

మహతి పిల్లలిద్దరినీ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి రమ్మంది. వాళ్ళు గడప దాటాక మాస్టారి వైపు తిరిగింది. తనూ ఆయన దగ్గర ఎనిమిదేళ్ళు పాఠం చెప్పించుకున్న పిల్లే. ఆయన ముందు గొంతు పెంచి మాట్లాడిన రోజు లేదు. ఇవాళ కూడా పెంచలేదు గానీ, అడిగే తీరులో కోపం దాగలేదు.

"గురువుగారూ, రికార్డులో పాడింది ఎవరు?"

"దేవి," అన్నారు మాస్టారు. ఇవాళ కూర ఏమిటని అడిగితే వంకాయ అని చెప్పినంత తేలిగ్గా చెప్పారు. "ఏటమ్మా, అలా మొహం పెట్టావు? ఆ రోజు ఝాన్సీ వల్ల కాలేదు. దేవి చేత పాడించాను. నంబరు మాత్రం ఝాన్సీదే చెప్పించాను, నువ్వు చెప్పినట్టే."

మహతికి ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. రెండూ బయటికి రాకుండా ఆపుకుంది.

ఇక్కడ మాస్టారి ఇంటి సంగతి ఒకటి చెప్పకపోతే మీరూ ఆయన్ని మహతిలాగే అపార్థం చేసుకుంటారు. వాళ్ళ వంశానికి గుడిలో సాయంకాలం పాట సేవ ఉంది. అన్నదమ్ముల ఇళ్ళ మధ్య అది వంతుల మీద నడుస్తుంది. వంతు వచ్చిన ఇంట్లో జ్వరమైనా, పురుడైనా, ఏమైనా పాట ఆగడానికి వీల్లేదు. వంతువాడు రాలేకపోతే ఇంకో ఇంటి తమ్ముడు వెళ్ళి పాడతాడు. పాడే ముందు స్వామికి తన పేరు చెప్పుకోడు, వంతు ఎవరిదో వాళ్ళ పేరూ గోత్రమూ చెబుతాడు. సేవ వాళ్ళదే అవుతుంది. మాస్టారి తండ్రిగారికి గొంతు పోయాక చివరి ఏళ్ళన్నీ మాస్టారే ఆయన పేరు చెప్పి పాడారు. ఇందులో మోసం అనేది ఉండొచ్చని ఆ ఇళ్ళలో ఎవరికీ ఎన్నడూ తట్టలేదు.

అలాంటి మనిషి చేతిలో మహతి ఫోను పెట్టి, ప్రతి పిల్లా ముందు నంబరు చెప్పి తరవాత పాడాలి, పదహారులో ఒక్కటి కూడా తప్పిపోకూడదు అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. ఆయన ఒక్కటి కూడా తప్పిపోనివ్వలేదు.

వెళ్ళకుండా అక్కడే కూర్చుంటే సరిపోయేది కదా అంటారు. కూర్చోకూడదని ఆవిడ గైడు ప్రొఫెసర్ మోహనకృష్ణ గారి నియమం. నువ్వు ఆయన శిష్యురాలివి, నువ్వు ఎదురుగా ఉంటే పిల్లలు వేరేగా పాడతారు, నీ చెవి ఆయన వైపే మొగ్గుతుంది, అందుకని రికార్డింగు దగ్గరా ఉండొద్దు, మార్కులు పడే దాకా వినొద్దు అన్నారు. మంచి మాటే. మహతి దాన్ని అక్షరాలా పాటించింది. పక్షపాతం రాకుండా ఒక తలుపు మూసి, ఇంకో తలుపు బార్లా తెరిచి వచ్చింది పాపం.

"గురువుగారూ, ఇది గుడిలో వంతు కాదు. పరీక్ష," అంది మహతి.

"పరీక్ష పిల్లకా, నాకా?"

"మీ పద్ధతికి."

మాస్టారు కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు బొటనవేలు వేళ్ళ కణుపుల మీద తాళంలోని అక్షరకాలాలు లెక్కపెడుతుంది. అది ఆయనకు తెలియదు. శిష్యులందరికీ తెలుసు.

"నా పద్ధతి అదే కదమ్మా," అన్నారు. "ఒకరు జారిపోతే పక్కవాళ్ళు పాట ఎత్తుకుంటారు. నువ్వు ఇక్కడ కూర్చున్న రోజుల్లో నీకూ అలాగే ఎత్తుకున్నారు. దాన్ని పక్కన పెట్టి నా పద్ధతి చూపించమంటే నేనేటి చూపించను?"

 పరిశోధన రాసుకునేటప్పుడు మహతి మాస్టారి పద్ధతి అంటే నోటితో చెప్పడం, చెవితో పట్టడం, కాగితం లేకపోవడం అని రాసుకుంది. పక్కవాళ్ళు ఎత్తుకోవడం అన్నది రాసుకోలేదు. చిన్నప్పుడు చాప మీద తనకు ఇటు పక్క ఎవరు కూర్చునేవారో, అటు పక్క ఎవరో ఆవిడకు ఇప్పటికీ గుర్తుంది. అయినా రాయాలని తోచలేదు. మనం పుట్టి పెరిగిన ఇంటికి ఎన్ని కిటికీలో ఎవరైనా అడిగితే తప్ప లెక్క చూసుకోం.

ఝాన్సీ ఒక్కతేనా, ఇంకా ఉన్నారా అని అడిగింది. మాస్టారు దాచలేదు. ఇంకో ఇద్దరున్నారు. ఒకడికి ఆ రోజు జ్వరం. ఇంకో పిల్ల మేనత్త పెళ్ళికని పర్లాకిమిడి వెళ్ళిపోయింది. వాళ్ళ వంతులూ వేరే పిల్లలు పాడేశారు. గరివిడిలో అలా జరగలేదు. అక్కడ రాని పిల్ల రానట్టే నమోదైంది, సగంలో మరిచిపోయిన వాడు సగంలో ఆగిపోయినట్టే రికార్డయ్యాడు. అంటే మాస్టారి పిల్లలు గెలిచారన్న మాట ఇప్పుడు ఎటూ కాకుండా పోయింది. గెలిచారో లేదో ఎవరూ చెప్పలేరు. మహతి రెండున్నరేళ్ళ కష్టం ఆ మాట మీదే నిలబడి ఉంది.

అప్పుడు ఆవిడకొక సంగతి తట్టింది. లోపలి నుంచి దేవిని పిలిచింది. పాటలన్నీ వేరు వేరు కదా, ఝాన్సీకి ఇచ్చిన పాట నీకెలా వచ్చిందని అడిగింది. దేవికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఒకే చాప మీద కూర్చుని నెల రోజులు వింటే రాకుండా ఎలా ఉంటుంది అన్నట్టు చూసింది.

"అందరివీ వచ్చండి," అంది చివరికి.

"పదహారూనా?"

"ఆఁ."

మహతి నమ్మకుండా ఏడో నంబరు పాట అడిగింది. దేవి పాడింది. పద్నాలుగు అడిగింది. దేవి అందుకునేలోపే లోపల వంటింట్లోంచి ఝాన్సీ గొంతు, శ్రుతి తప్పి, మొదటి మాట అందించింది.  గరివిడి పిల్లల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాట వచ్చు, అది బాగా వచ్చు. ఇక్కడ ఒక్కొక్కరికి పదహారు వచ్చు. ముగ్గురు విద్వాంసులు మార్కులు వేసినా, ఈ సంగతి ఎక్కడా పడలేదు. పడేలా మహతి అడగలేదు. తను అడగాల్సింది అడగకుండా ఇంకేదో కొలిచానే అని ఆవిడకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఇంకొకటి కూడా అడిగింది. నీ సొంత నంబరు నాలుగు కదా, దానికి వచ్చిన మార్కులు ఝాన్సీ పాటకి వచ్చిన వాటికన్నా బాగా తక్కువ, ఎందుకలాగ?

దేవి కాలి వేలితో గచ్చు గీకింది.

"నాది తప్పితే నాదే కదండి," అంది. "దాందైతే తప్పకూడదు కదా."

మాస్టారి మొహం వెలిగిపోయింది. చూశావా అన్నట్టు మహతి వైపు చూశారు. ఆవిడకీ ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలనిపించింది, తీసుకుంది కూడా. కానీ ఆ పిల్ల భుజం మీదుగా చూస్తే, వంటింటి గుమ్మంలో ఝాన్సీ నిలబడి ఉంది. అందరూ మెచ్చుకుంటున్న ఆ మంచితనం అంతా తను పాడలేకపోవడం వల్ల వచ్చిందని ఆ పిల్లకి బాగానే తెలుస్తోంది.

మహతి మెల్లిగా అడిగింది. "మరి ఝాన్సీకి ఎప్పుడొస్తుంది గురువుగారూ?"

"వస్తాది. కూర్చుంటే వస్తాది. బెరుకు పిల్ల."

"మూడేళ్ళుగా కూర్చుంటోంది కదా. ఒక్కర్తే ఎప్పుడు పాడింది?"

 మాస్టారి బొటనవేలు కణుపుల మీద నడుస్తోంది. ఒకసారి పాడిందనుకుంటాను, కార్తీకమాసంలో, అన్నారు. తరవాత, కాదు, అప్పుడూ దేవే ఎత్తుకుంది, అన్నారు. ఇంకా వెనక్కి వెళ్ళారు. ఎంత వెనక్కి వెళ్ళినా ఆ పిల్ల గొంతు విడిగా ఆయనకు దొరకలేదు. చాప మీద ఎప్పుడూ పదహారు గొంతులు వినిపించేవి. అందులో ఒకటి శ్రుతి తప్పుతోందని తెలిసేది. పక్క గొంతులు దాన్ని కప్పేసేవి, పాట బాగానే ఉండేది, పాఠం ముందుకు సాగేది.

నా మట్టుకు నాకు ఇక్కడ మాస్టారి మీద కోపం రాలేదు, జాలే వేసింది. గరివిడిలో అయితే ఫోన్లో శ్రుతి చూపించే ముల్లు వారం తిరక్కుండానే ఈ పిల్లని పట్టుకునేది. పట్టుకుని ఏం చేసేదో తెలియదు. ఇంటికి పంపేసేదేమో కూడా. ఇక్కడ ఎవరూ పంపెయ్యలేదు, ఎవరూ పట్టుకోనూ లేదు. ఆ పిల్ల మూడేళ్ళు అందరి మధ్యా కూర్చుని ఎవరికీ వినిపించకుండా ఉండిపోయింది.

"నేను గమనించలేదమ్మా," అన్నారు మాస్టారు. డెబ్బై దాటిన మనిషి, వందల మందికి పాఠం చెప్పిన మనిషి, ఆయనకి ఆ ఒక్క మాట అనడానికి చాలాసేపు పట్టింది.

సరిగ్గా ఆ సమయానికి ధనలక్ష్మి వచ్చింది.

ధనలక్ష్మి ఝాన్సీ తల్లి. నాగావళి, వంశధార నీళ్ళు పారే ఊళ్ళలో ఈ రోజుల్లో గోగునార పని ఉంటుంది. నానబెట్టిన గోగు నుంచి నార తీసి తీసి చేతులు కడుక్కున్నా ఆ వాసన పోదు. ఆ చేతులతోనే ఒక గిన్నెలో ఉడకబెట్టిన వేరుశనగకాయలు పట్టుకుని వచ్చింది. వస్తూనే గడప దగ్గర కూర్చుని, రేపు కారు ఎన్నింటికి వస్తుందో, పిల్లకి జడ గంటలు పెట్టాలా అక్కర్లేదా, విజయనగరంలో స్టేజీ మీద కింద కూర్చోబెడతారా కుర్చీ వేస్తారా అని మహతిని అడిగింది. పరికిణీ కుట్టించిందట. వీధి వీధంతా చెప్పిందట. ఆడపడుచు గారాబంగా నా మేనకోడలికి గొంతెక్కడి నుంచి వచ్చిందని అడిగితే, మా వైపు నుంచే వచ్చిందని చెప్పిందట.

మహతికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చెప్పబోయింది. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. ఇది నేను చెప్పాల్సిన మాట అన్నారు. చెప్పారు. చుట్టూ తిప్పకుండా, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పారు. రికార్డులో పాడింది దేవి, ఆ మార్కు దేవిది, ఝాన్సీకి పాట ఇంకా పట్టుబడలేదు, పట్టుబడలేదని చూసుకోవలసినది నేను, చూసుకోలేదు.

ధనలక్ష్మి అరుస్తుందనుకుంది మహతి. ఆవిడ అరవలేదు. గిన్నె పక్కన పెట్టి, కూతురి వైపు చూసి, మళ్ళీ మాస్టారి వైపు చూసింది.

"ఇంటికాడ పాడవే అంటే, గొంతు పాడవుద్దని పంతులుగోరు వద్దన్నారు అనీది," అంది. "నాను నిజమే అనుకున్నాను. నాకేటి తెలుస్తాది బాబూ. మూడేళ్ళు పంపినాను. ఒక్కపాలి, ఒసే ధనలక్ష్మీ, నీ పిల్లకి రాలేదే అని సెప్పుంటే, రాలేదు కాబోలని ఊరుకుందును. ఇప్పుడు ఊరంతా సెప్పుకున్నాక సెప్తన్నారు."

మాస్టారు తల దించుకున్నారు.

"దేవి మంచిదే," అంది ధనలక్ష్మి మళ్ళీ. "దాన్ని నానేటీ అనను. అయితే పంతులుగోరూ, నా పిల్లకి బదులు ఇంకో పిల్ల అన్నం తింటే నా పిల్లకి కడుపు నిండుద్దేటి?"

గుడి వంతుల లెక్కంతా ఆ ఒక్క మాటతో అక్కడే ఆగిపోయింది. స్వామికి సేవ అందడమే ముఖ్యం కాబట్టి అక్కడ ఎవరు పాడినా చెల్లుతుంది. పాఠం అందాల్సింది పిల్లకి. ఇది మాస్టారికి తెలియని సంగతి కాదు. కానీ ఇంతకాలం ఆయన రెండింటినీ ఒకటే అనుకుంటూ వచ్చారు. మహతి ఆయన్ని అనాలనుకున్నవన్నీ ఇంక అనక్కర్లేకపోయింది.

అప్పుడే ఫోను మోగింది. ప్రొఫెసర్ మోహనకృష్ణ గారు. పొద్దున పాట సగంలో ఆగిపోగానే మహతి ఆయనకొక మెసేజ్ పెట్టింది, పదకొండో నంబరు విషయంలో పొరపాటు జరిగింది, మాట్లాడాలి అని. ఆవిడ ఫోను తీసి స్పీకర్ పెట్టి చాప మధ్యలో ఉంచింది. ఇందులో ఈ నలుగురి దగ్గర దాచేది ఏముంది అనుకుంది.

జరిగింది చెప్పింది. ప్రొఫెసర్ గారు ఓపిగ్గా విన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు, ముందే చెబుతున్నాను. ఆ సభ కోసం ఆయన ఆర్నెల్లుగా తిరుగుతున్నారు. బడుల్లో సంగీతం పీరియడ్ బతకాలని నిజంగా కోరుకునే మనిషి. అందుకే కాబోలు, విన్నాక ఆయన ముందుగా అన్నది, ఈ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు కదా అని.

మహతి తన మాట చెప్పింది. పదహారులో ముగ్గురి పాట వాళ్ళది కాదు, కాబట్టి రేపు ఫలితం చెప్పడానికి లేదు, మళ్ళీ మొదటి నుంచి రికార్డు చెయ్యాలి, సభలో అదే చెబుతాను అంది. అలా చెప్పాక తన థీసిస్ మీద ఆయన సంతకం పడుతుందో లేదో, పడితే ఎన్నేళ్ళకి పడుతుందో ఆవిడకు తెలియదు. మాట మాత్రం తడబడలేదు.

"తొందరపడకమ్మా," అన్నారు ప్రొఫెసర్ గారు. "ముగ్గురిని తీసేసి లెక్క వేస్తే కూడా ఫలితం నిలబడచ్చు. అది తరవాత చూసుకుందాం. రేపటి సంగతి వేరు. ఝాన్సీ పేరు ఆహ్వానంలో వేసేశాం. హాలంతా ఆ పిల్ల పాట కోసమే వస్తోంది. పొద్దున్న ఏడింటికి కారు వస్తుంది. ఆ రెండో అమ్మాయి, దేవి, బాగానే పాడుతుందన్నావు కదా. ఆ అమ్మాయినే ఝాన్సీ అని తీసుకొచ్చెయ్యి. అక్కడ ఇద్దరినీ చూసినవాళ్ళు ఎవరున్నారు?"

 మాస్టారు ఫోను వైపు ఆశ్చర్యంగా చూశారు. తను చేసిన పనే ఇంకొకరి నోట విన్నారాయన. తను తెలియక చేశారు, ఈయన అన్నీ తెలిసి చెబుతున్నారు. ఇంతసేపూ తనను తప్పుపట్టిన చదువు ఇదేనా అని ఆయనకు అనిపించి ఉంటే, ఆ మాట పైకి అనలేదు.

"సార్, ఇప్పటిదాకా ఇదే పని చేశారని గురువుగారితో దెబ్బలాడుతున్నాను," అంది మహతి. "నేనూ అదే చెయ్యలేను."

"మంచి పని కోసం అమ్మా. ఒక్క పూట."

దేవి, నేను ఎల్లను, అంది గట్టిగా. ఆ మాట ఫోన్లోకి వెళ్ళిందో లేదో. ప్రొఫెసర్ గారు ఇంకా ఏదో చెబుతున్నారు, ఇది ఒక పిల్ల గురించి కాదు, వేల మంది పిల్లల గురించి అని. వేల మంది పిల్లల గురించి ఆలోచించేవాళ్ళు తరచుగా ఎదురుగా ఉన్న ఒక్క పిల్లనీ చూడకుండా ఎందుకు మాట్లాడతారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ధనలక్ష్మి లేచి, కూతురి చెయ్యి పట్టుకుని, పదవే ఇంటికి పోదాం, మనకీ పాటలొద్దు ఈ కార్లొద్దు అంది.

ఝాన్సీ కదల్లేదు. తల్లి చెయ్యి మెల్లిగా విడిపించుకుంది. పొద్దుటి నుంచీ ఆ పిల్ల గురించి అందరూ మాట్లాడారు. మాస్టారు, మహతి, తల్లి, విజయనగరంలో ఉన్న ఆ పెద్దమనిషి. ఆ పిల్లతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. వచ్చి చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఫోను మీదికి వంగింది.

"సార్, నేను ఝాన్సీని. దేవిని తేవొద్దు సార్. దానికి ఇష్టం లేదు. మీరు పిలిసింది నన్ను కదా, నేనే వస్తాను."

 ప్రొఫెసర్ గారు గొంతు తగ్గించి, పెద్దరికంగా, నిజం చెప్పాలంటే కాస్త ప్రేమగానే అడిగారు. "అంతమంది ముందు పాడగలవా తల్లీ?"

"పాడను సార్. నాకు రాదు. మూడేళ్ళు కూకున్నా నాకెందుకు రాలేదో నాకు తెలుసు. అక్కడ టీచర్లందరూ ఉంటారు కదా, అది సెప్తాను."

మాస్టారు తలెత్తి ఆ పిల్ల వైపు చూశారు. ఎందుకు రాలేదని ఆయన ఇంతవరకూ ఆ పిల్లని అడగనే లేదు.